సగం తిప్పిన క్యాసెట్

ఎనభైల్లో దుబాయ్ నుంచి రాస్ అల్ ఖైమా వెళ్లే టాక్సీల్లో, క్యాసెట్‌ను పెన్నుతో వెనక్కి తిప్పడం ముందు సీటువాడి పని. ఓసారి అది నాకు పడింది. ఏదో ఇంగ్లీషు రాక్ పాట, మళ్లీ కావాలన్నారు అందరూ.

వెనక నుంచి ఒక పెద్దమనిషి నా భుజం తట్టాడు. ఇంగ్లండ్‌లో మెకానిక్‌గా చేసి వచ్చాడట.

"తమ్మీ, గా పాట ఇంగ్లండ్ల మా గల్లీల అయిన అల్లర్ల మీద కట్టిన్రు. పోలీసోళ్లు మా తమ్ముని తల పగలగొట్టిన్రు. కట్టినోడేమో టీవీల జూసి కట్టిండు. మీరు చిటికెలేస్తున్నరు."

"యల్లా, జల్దీ కరో," అని తొందరపెట్టాడు డ్రైవర్.

"ఖలాస్ భాయ్, ఇక చాలు," అని తిప్పడం సగంలో ఆపి పెన్ను జేబులో పెట్టుకున్నాను.

ఇప్పటికీ ఆ పాటకు ఎవరైనా చిటికె వేస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ రోజు అందరికంటే ముందు వేసింది నేనే.