కమాన్లకు తలంటిన టీచరు

సంతోష్‌నగర్ దగ్గరి ఆడపిల్లల బడిలో సైన్సు టీచరుగా చేరిన ఏడాదే, బడి ఆర్కెస్ట్రా వాయిద్యాల బీరువా తాళం నా చేతికొచ్చింది. నాకు సంగీతం వచ్చని కాదు. అప్పటికి నేను వాయించినవి డస్టరుతో బల్లలు, అప్పుడప్పుడు పిల్లల వీపులు. ల్యాబు బీరువా శుభ్రంగా ఉంచుతానని హెడ్మిస్ట్రెస్‌కు ఎవరో చెప్పారట. పని చేసేవాళ్లకే పని చెప్పడం ఆ బడిలో ఆనవాయితీ.

బీరువాలో నాలుగు ఫిడేళ్లు, ఒక మాండలిన్, రెండు బుల్‌బుల్ తారలు, మెడ విరిగితే అతికించిన ఒక తంబురా ఉండేవి. సంగీతం సారు చెప్పినట్టే చేసేదాన్ని. వాయించడం అయ్యాక తీగలను పొడిగుడ్డతో తుడవడం, సెలవులకు ముందు వాటిని కొంచెం వదులు చేయడం, పెట్టెల్లో చెదపురుగులు లేవని చూడడం. ఫిడేలు మీద లాగే కమాన్లను మాత్రం ఆయనే చూసుకునేవారు. పొడుగ్గా, సన్నగా, కాస్త వంగి, మనిషి తానే ఒక కమానులా ఉండేవారు. ఆదివారాలు చర్చిలో, మిగతా రోజులు మా బడిలో ఫిడేలు. ఆ ఏడాదితో రిటైరవుతున్నారు. తన చివరి వార్షికోత్సవంలో నలుగురు అమ్మాయిల చేత ఒక పాట వాయింపించాలని ఆరు నెలలుగా కుస్తీ పడుతున్నారు.

ఉత్సవం వారం రోజులుందనగా సారుకు జ్వరం వచ్చి సెలవు పెట్టారు. ఆ శనివారం బీరువా సర్దుతూ కమాన్లను మొదటిసారి దగ్గరగా చూశాను. కమానుకు కట్టేవి గుర్రపు తోక వెంట్రుకలు. అవి ఎండిపోయి, గరుగ్గా ఉన్నాయి. పైనుంచి కిందిదాకా తెల్లటి పొడి. చుండ్రు అనుకున్నాను.

మాది ఉస్మాన్‌గంజ్‌లో నూనెల దుకాణం. బేగంబజార్ ఇంట్లో మా అమ్మ నూనె రాయని వస్తువు లేదు. తలుపు బందులు, కుట్టుమిషను, నాన్న మోకాళ్లు, మా తలలు. ఆ పెంపకంతో నేను తెల్లపొడంతా దులిపి, నాలుగు కమాన్లకూ కొబ్బరినూనె పట్టించి, శుభ్రంగా దువ్వాను. నిగనిగలాడాయి. జడలు వేయలేదు, అంతవరకు నయం.

సోమవారం సారు వచ్చారు. అమ్మాయిలు కమాన్లు లాగారు. ఏమీ రాలేదు.

"గట్టిగ గుంజుండ్రి బిడ్డా. పొద్దుగాల తినలేదా?"

గుంజారు. కమాన్లు సబ్బు మీద కాలు పడ్డట్టు జారాయి. సారు తల వంచి ఒక ఫిడేలుకు చెవి ఆనించి, "ఇంకోసారి" అన్నారు. మళ్లీ అంతే. ఆయన ముఖం పాలిపోయింది. పిల్లలకు వినపడకుండా నన్ను పక్కకు పిలిచారు.

"టీచరమ్మా, మీకు ఇనొస్తున్నదా? నాకు మాటలైతే ఇనొస్తున్నయ్. ఫిడేలే ఇనొస్తలేదు. మా నాయినకు గూడ ముందుగాల సన్నటి సప్పుళ్లే పోయినయ్. ఆ జ్వరంల నా చెవులు గూడ పోయినయేమో."

తప్పు నాది, భయం ఆయనది. ఇంకొక్క నిమిషం ఊరుకుంటే ఆ భయం ఆయన ఇంటిదాకా వెళ్తుంది.

"మీ చెవులు మంచిగున్నయ్ సార్. నేనే కమాన్లకు నూనె రాసిన."

"ఏందీ?"

"కొబ్బరినూనె. చుండ్రు కనబడితే... దువ్విన గూడ."

సారు ఒక కమాను తీసి వాసన చూశారు. తిడతారని నిలబడ్డాను. ముందు పెద్ద ఊపిరి వదిలారు. ఆ తర్వాత నవ్వు వచ్చింది.

"అది చుండ్రు గాదమ్మా, రోజన్ పొడి! అది పట్టుకుంటెనే వెంట్రుక తీగెను పట్టి గుంజుతది, అప్పుడే సప్పుడొస్తది. మీరేమో గుర్రం తోకను పెండ్లిపిల్లను చేసిండ్రు!"

"ఇప్పుడెట్ల సార్?"

"తలంటినోళ్లే తానం గూడ పొయ్యాలె."

మరునాడు ఇంటి నుంచి కుంకుడుకాయల రసం తెచ్చాను. సారు కమాన్ల మర విప్పి, కర్ర తడవకుండా వెంట్రుకలను మాత్రం నురుగులో ముంచారు. మూడేసి సార్లు కడిగి నీడలో ఆరేశాము. చుట్టూ చేరిన అమ్మాయిల్లో ఒకతె, "టీచర్, సాంబ్రాణి గూడ వెయ్యాల్నా?" అంది. వెంట్రుకలు ఆరాక తేనెరంగు బంకగడ్డలాంటి రోజన్‌ను వాటి మీద ఓపిగ్గా రుద్దాను. నా చేతులతో దులిపిన చుండ్రును నా చేతులతోనే తిరిగి పట్టించాను.

మూడు కమాన్లు పలికాయి. నేను మరీ ప్రేమగా నూనె పెట్టిన నాలుగోది పలకలేదు. వెంట్రుకలు మార్చడానికి ఫిడేళ్లు బాగుచేసే మనిషి ఎనిమిది రోజులు కావాలన్నాడు. ఉత్సవం ఎల్లుండి. సారు ఇంటి నుంచి తన సొంత కమాను తెచ్చి నాలుగో అమ్మాయి చేతిలో పెట్టారు.

ఏటా ఆయన పిల్లల వెనక నిలబడి తానూ వాయించేవారట, వాళ్ల తప్పులు కప్పడానికి. ఆ ఏడు చేతిలో కమాను లేక, స్టేజీ పక్కన నా పక్క కుర్చీలో కూర్చున్నారు. అమ్మాయిలు మొదలుపెట్టారు. ఊపిరి బిగబట్టి వింటున్నాను. సగం పాటలో సారు నా వైపు వంగారు.

"మూడో పిల్ల రెండో తీగె సుతి జర దిగింది. ఇన్నరా?"

నాకేమీ తెలియలేదు. "విన్న సార్" అన్నాను.

"అబద్ధం" అని సంతోషంగా నవ్వి, ఆయన మళ్లీ పాటకు చెవి పెట్టారు.