జామాయిల్ పొట్టిగానే ఉంటుందనుకున్నాను

అయినా ఆ చెట్టుకైనా బుద్ధుండాలి కదండీ! ఈ పరాయి దేశపు చలికి ఎంత పెరుగుతుందిలే అని బ్లాంచర్డ్స్‌టౌన్‌లో మా ఇంటి వెనక జానెడు జామాయిల్, అదే నీలగిరి మొక్క నాటితే, నాలుగేళ్ళకే ఇంటి కప్పు దాటింది. పక్కింటి మేరీగారు వంటింట్లో పగలే లైటు వేసుకోవాల్సొస్తోంది. పాపం, జలుబుతో దగ్గుతూ, అడగలేక అడిగారు. ఆదివారం కొట్టేస్తానని మాటిచ్చాను. మా ఆవిడ సరోజేమో, "ఆవిరి పట్టే ఆకండీ అది! దాని మీద రంపం పెడితే మీ వంట మీరే చేసుకోండి" అంది. ఎటూ తేలక, విక్లో వైపు ఒక పెద్ద తోటలో ఇదే రకం ముసలి చెట్టుందని విని, శనివారం బయల్దేరాను.

తొమ్మిదింటికి బస్సెక్కి సిటీలో మారితే, పదకొండున్నరకి తోట గేటు. టికెట్టు పది యూరోలు, టీ వేరే. మా ఊళ్ళో జామాయిలంటే కొట్టి పేపరు మిల్లు లారీకెక్కించే సరుకు. ఇక్కడ దానికి చుట్టూ పచ్చిక, కింద బెంచీ, పేరు రాసిన పలక! మొదలు నా కౌగిలికి సగం కూడా అందలేదు. మనూరి కూలివాడు కలెక్టరు కుర్చీలో కనిపించినట్టయింది.

ఆకులూడుస్తున్న తోటమాలిని అడిగాను, "ఇది మీకెందుకు పనికొస్తుంది?"

"గాలి ఆపుతుంది. పక్కిల్లు కనపడనివ్వదు. కొమ్మలు పూలకొట్లవాళ్ళు పట్టుకెళ్తారు. దీని సొంతూరు టాస్మేనియాలో అయితే ఇంకా పొడుగు. మీ తోటెంత?"

"బట్టలారేసే తీగంత."

ఆయన చీపురు పట్టుకుని నవ్వాడు. "అయితే ఏటా చలికాలం చివర మోకాలెత్తుకి కొట్టెయ్. పొదలా చిగురిస్తుంది."

"అది మా ఊళ్ళో అందరికీ తెలుసు!"

"మరి ఇంతదూరం ఎందుకొచ్చావ్?"

నిజమే, ఎందుకొచ్చాను? "కచ్చితంగా చిగురిస్తుందా?" అన్నాను.

"మామూలుగా చిగురిస్తుంది. ఒక్కోసారి చస్తుంది. అంతా గ్రాండ్‌గానే ఉంటుందిలే." ఇక్కడివాళ్ళ భాషలో గ్రాండంటే, ఫర్వాలేదని.

తిరుగు బస్సంతా అదే ఆలోచన. మా ఊళ్ళో సరుకు, ఆ తోటలో దొర, మా పెరట్లో తగువు. దాన్ని ఏమనాలో నాకింకా తెలీదు. కానీ మోకాలెత్తుకి కొడితే మేరీగారికి వెలుతురు, బతికితే సరోజకి ఆకు. ఆదివారం రంపం పక్కన పెట్టుకునే ఇది రాస్తున్నాను. మీకో సలహా: మొక్క కొనేముందు ఆ రకం ముసలి చెట్టుని ఓసారి చూసి రండి. పెరడు చిన్నదైతే మొదటి ఏడాదే కత్తిరించడం మొదలు—

"ఏవండీ! ఆ రంపం అక్కడ పడేసి రండి! మేరీగారొచ్చారు. నేనిచ్చిన ఆకుతో ఆవిరి పట్టారట, ముక్కు తెరుచుకుందట. చెట్టు కొట్టొద్దంటున్నారు!"