నిలబడి తాగే జపాన్ టీ

ఆ రోజుల్లో బాటనీలో ఎమ్మెస్సీ చేసిన ఆడపిల్ల వరంగల్‌లో చేయగలిగిన పని సర్కారు నోటిఫికేషన్ కోసం ఎదురుచూడటమే. కొందరు ఇంట్లో కూర్చుని ఎదురుచూసేవారు, కొందరు ప్రైవేటు కాలేజీల్లో నిలబడి ఎదురుచూసేవారు. నేను నిలబడ్డ బాపతు. ఏదో అందం కోసం అంటున్న మాట కాదిది. హసన్‌పర్తి రోడ్డులో నేను చేరిన జూనియర్ కాలేజీలో లెక్చరర్లకు నిజంగానే కుర్చీలు ఉండేవి కావు. కూర్చుంటే లెక్చరర్‌కు నిద్ర వస్తుందని, లెక్చరర్‌కు నిద్ర వస్తే పిల్లల ర్యాంకులు పోతాయని మా చైర్మన్ సార్ గట్టి నమ్మకం. ప్రతి క్లాసులో ఒక కెమెరా, ఆ కెమెరాలన్నీ కనిపించే టీవీ ఆయన గదిలో. బల్లకు కాస్త ఆనుకున్నా చాలు, ఆ గది నుంచి ఫోన్ వచ్చేది. ఇరవై మూడేళ్ల వయసు నాది, ఒంట్లో సత్తువ ఉంది, దాంతో అదంతా క్రమశిక్షణ అనుకున్నాను. ఇంటికెళ్లి మా అమ్మకు గొప్పగా చెప్పుకున్నాను కూడా.

ఆ కాలేజీ అంతకు ముందు ఒక ఫంక్షన్ హాల్. పెళ్లికొడుకునూ పెళ్లికూతురినీ కూర్చోబెట్టే స్టేజీని అట్టలతో మూసి అందులో మేము బైపీసీ సెకండియర్ నడిపేవాళ్లం. కుర్చీలు లేవన్నాను కానీ అది పూర్తి నిజం కాదు. వంటగది పక్క గదిలో ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు ఒకదాంట్లో ఒకటి దూర్చి పైకప్పు దాకా పేర్చి, తలుపుకు తాళం వేసి ఉంచేవారు. పెళ్లిళ్ల సీజన్‌లో అవి కిరాయికి పోయేవి. (మా కాలేజీ కుర్చీల్లో ధర్మసాగర్ దాకా ఊళ్లన్నీ కూర్చుని బగారన్నం తిన్నాయి, మేము తప్ప.) మాకు దక్కినదల్లా పొద్దుటి పూట చాయ్ ఇంటర్వెల్. అప్పుడు మాత్రం భోజనాల తర్వాత చేతులు కడుక్కునే నల్లాల దగ్గర, పొడుగాటి సిమెంటు గట్టు మీద వరసగా కూర్చుని చాయ్ తాగేవాళ్లం. పాలు పలచన, చక్కెర ఎక్కువ, కానీ ఆ చాయ్‌ని ఎవరూ ఏనాడూ తిట్టలేదు. మేము తాగేది చాయ్ కాదు కదా, కూర్చోవడం.

ఆ గట్టు చివర చోటు లెక్కల అక్కది. ఆమెను పిల్లలతో సహా అందరూ అలాగే పిలిచేవారు. యాభైకి దగ్గరపడ్డ మనిషి, ఆ కాలేజీలో అందరికంటే పాత మనిషి. భర్త రంగుల దుకాణం మూతపడ్డాక ఇల్లు ఆమె జీతం మీదే నడిచేది. కొడుకు పాలిటెక్నిక్ చదువు ఇంకా మిగిలి ఉంది. ఏళ్ల తరబడి నిలబడి పాఠాలు చెప్పడంతో ఆమె కాళ్ల నరాలు పిక్కల మీద నీలంగా ఉబ్బి కనిపించేవి. ఎండాకాలంలో కూడా చీర కింద మేజోళ్లు వేసుకునేది. ఇంటర్వెల్‌లో చెప్పులు విడిచి కాళ్లు రెండూ గట్టు మీదకు చాపుకుని, చాయ్ గ్లాసు పొట్ట మీద పెట్టుకుని, "ఇగ ఇప్పుడు అడుగుమను ఏ లెక్కయినా," అనేది. ఆమె ఆ రోజు చెప్పబోయే లెక్కలన్నీ ఆ గట్టు మీదే తయారయ్యేవని నా అనుమానం.

అలాంటి సమయంలో మా చైర్మన్ సార్ జపాన్ వెళ్లొచ్చారు. తనలాంటి నలుగురైదుగురు కాలేజీ యజమానులతో కలిసి వెళ్లిన టూర్ అది. తిరిగొచ్చాక ఆయన మాట తీరు మారింది. లోపలికి వచ్చేటప్పుడు నడుము వంచి దండం పెట్టేవారు (ఇంక్రిమెంటు అడిగినప్పుడు మరింత వంగేవారు). ఆఫీసు గోడకు ఆయన ఫొటో ఒకటి పెద్దది చేయించి తగిలించారు. చాప మీద మోకాళ్లు మడిచి, రెండు చేతులతో మట్టి గిన్నె పట్టుకుని ధ్యానంలో ఉన్నట్టు కళ్లు మూసుకున్న ఫొటో. ఆ గిన్నెలో ఉన్నదే గ్రీన్ టీ అని మమ్మల్నందరినీ నిలబెట్టి చెప్పారు. అది తాగితే కొవ్వు కరుగుతుందట, షుగర్, బీపీ అదుపులో ఉంటాయట, ఒంట్లో వాపులు తగ్గుతాయట, క్యాన్సర్ దగ్గరికి రాదట, బుర్ర పాదరసంలా పనిచేస్తుందట. జపాన్‌లో ముసలివాళ్లు కూడా కుర్రాళ్లలా నడుస్తున్నారట. చివర్లో అసలు సంగతి చెప్పారు. గ్రీన్ టీకి పాలు అక్కర్లేదు, చక్కెర అక్కర్లేదు, కూర్చోవలసిన పని అంతకన్నా లేదు కాబట్టి రేపటి నుంచి ఇంటర్వెల్ రద్దు. ప్రతి క్లాసు బయటా ఫ్లాస్కు ఉంటుంది, పాఠం చెబుతూనే తాగవచ్చు. మిగిలిన టైమ్ పిల్లలకు అదనపు స్టడీ అవర్.

మరునాటి నుంచి మా కష్టాలు రుచితో సహా మొదలయ్యాయి. గ్రీన్ టీ ఆకును మరిగే నీళ్లలో వేయకూడదని, కాస్త చల్లారిన నీళ్లలో కొద్దిసేపు ఉంచి తీసేయాలని ఆ తర్వాత ఎక్కడో చదివాను. మా వంటగదిలో దాన్ని బగారన్నం వండే పెద్ద గంజులో పొద్దున్నే వేసి మధ్యాహ్నం దాకా మరిగించేవారు. దాంతో మా జపాన్ టీలో లవంగం, దాల్చినచెక్క, ఏ పెళ్లిదో తెలియని పాత నూనె వాసన కలిసేవి. చేదు నాలుక మీద ఆగేది కాదు, చెవుల దాకా పాకేది. ఫిజిక్స్ సార్ అందులో ఉప్పు కలుపుకుని కషాయం అనుకుంటూ మింగేవాడు. నేను సుద్దముక్కల డబ్బా పక్కన బెల్లం ముక్క దాచుకుని కెమెరాకు వీపు తిప్పి కొరుక్కునేదాన్ని. లెక్కల అక్క మాత్రం మారు మాట్లాడకుండా కప్పులకు కప్పులు తాగింది. వాపులు తగ్గుతాయని చైర్మన్ సార్ చెప్పారు కదా, చూద్దాం అనుకుంది.

వాపులు తగ్గలేదు. సాయంత్రానికి ఆమె చెప్పుల పట్టీలు పట్టేవి కావు. ఎంజీఎం ఆసుపత్రి పక్క సందులో ఒక డాక్టరుకు చూపిస్తే, గంటకోసారి కూర్చుని కాళ్లు పైకి పెట్టుకోవాలని, లేకపోతే పుండ్లు పడతాయని, అది కుదరకపోతే ఉద్యోగం మానుకోమని చెప్పాడట. మానుకోవడం ఆమె చేతిలో లేదు. అందుకని ఒక్క కుర్చీ ఇప్పించమని అడగడానికి వెళుతూ, ధైర్యానికి నన్ను వెంట తీసుకెళ్లింది. చైర్మన్ సార్ ఆమె చెప్పినదంతా శ్రద్ధగా విన్నారు.

"మేడం, ఒక్కరికిస్తే అందరికియ్యాలె. కాలేజి ఇది, దవాఖాన కాదు," అన్నారు. "జర ఓపిక పట్టున్రి, గ్రీన్ టీ పనిచేస్తాంది లోపల్లోపల. జపాన్ల నాకు కాళ్లు వాచినోళ్లు ఒక్కలు కనపడలే."

అక్క దండం పెట్టి బయటికొచ్చింది. గోడను పట్టుకుని మెట్లు దిగుతూ, "ఆళ్లకు వాపులెందుకుంటయి పిల్లా, ఫొటోల చూసినవా, ఎంత మంచిగ కూసున్నడో," అంది. నాకు ఒళ్లు మండింది. మండటం తప్ప చేయగలిగింది ఏమీ లేదు కనుక ఇంటికెళ్లి అన్నం మీద అలిగాను. (మా అమ్మకు కారణం ఈరోజుకీ తెలియదు.)

వారం తిరక్కుండానే నాకు అవకాశం నడిచొచ్చింది. పేరెంట్స్ మీటింగ్‌లో గ్రీన్ టీ ప్రయోజనాల మీద మాట్లాడమన్నారు, బాటనీ కాబట్టి. నేను చాలా చదువుకుని వెళ్లాను. మన చాయ్ పత్తా, ఆ గ్రీన్ టీ, రెండూ ఒకే మొక్క ఆకులని, దీన్ని మాత్రం కోసిన వెంటనే ఆవిరి పట్టి పచ్చదనం పోకుండా ఆరబెడతారని చెప్పాను. అందులో కాటెచిన్లనే మంచి పదార్థాలున్నాయని, మితంగా తాగితే ఒంటికి మేలే కానీ అది మందు కాదని, మందులు మానేసి దీన్ని తాగకూడదని, పరగడుపున తాగితే కొందరికి కడుపులో తిప్పుతుందని చెప్పాను. తల్లిదండ్రులు మర్యాద కొద్దీ విన్నారు. అప్పుడు నేను ఆఫీసు గుమ్మంలోంచి కనిపిస్తున్న ఫొటో వైపు చేయి చూపించి, జపాన్ వాళ్లు దీన్ని కూర్చునే తాగుతారని, తాగేంతసేపూ చేతిలో ఇంకో పని పెట్టుకోరని, అది వాళ్ల సంప్రదాయమని, స్వయంగా చైర్మన్ సారే అలా కూర్చుని తాగి వచ్చారని చెప్పాను. ముందు వరసలో ఒక తల్లి, ధర్మసాగర్ నుంచి బస్సులో వచ్చినామె, వెనక్కి తిరిగి చైర్మన్ సార్‌నే అడిగింది.

"మరి మా పోరగాండ్ల సార్లెందుకు నిలవడి తాగుతాండ్లు సార్?"

హాలంతా నవ్వింది. చైర్మన్ సార్ కూడా నవ్వి, లేచి, నడుము వంచి, రేపటి నుంచి తమ కాలేజీలో అచ్చంగా జపాన్ పద్ధతే అమలు చేస్తున్నామని ప్రకటించారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలో సగం నావే అనుకున్నాను. ఇంటికి వెళ్లే బస్సులో సీటు దొరకలేదు, నిలబడే వెళ్లాను, కానీ దేశానికి స్వాతంత్ర్యం తెచ్చిపెట్టిన మనిషి నిలబడ్డట్టు నిలబడ్డాను.

మర్నాడు వరండాలో పెళ్లిళ్ల జంపఖానా పరిచారు. కుర్చీల గది తాళం తాళంగానే ఉంది. చైర్మన్ సార్ పక్కన కెమెరా పట్టుకుని ఫొటోగ్రాఫర్. మమ్మల్నందరినీ ఫొటోలోలాగే మోకాళ్లు మడిచి కూర్చోమన్నారు. నాకే తొడలు పట్టేశాయి, ఫిజిక్స్ సార్ రెండుసార్లు పక్కకు ఒరిగాడు. లెక్కల అక్క కాళ్లు చాపుకుని కూర్చుంది. ఫొటోగ్రాఫర్ మడవమన్నాడు. ఆమె ఒక్కో కాలూ చేత్తో పట్టుకుని, పెదవి కొరుక్కుంటూ మడిచింది. నవ్వమన్నాడు. నవ్వింది. కప్పు పైకెత్తమన్నాడు. ఎత్తింది. పని అయిపోగానే చైర్మన్ సార్ గడియారం చూసుకుని, మీ సంప్రదాయం తీరింది కదా, ఇక క్లాసులకు వెళ్లమన్నారు. మేమంతా చీమలు కుడుతున్న కాళ్లతో ఒకర్నొకరు పట్టుకుని లేచాం. అక్క లేవలేదు. కాళ్లు మళ్లీ ముందుకు చాపుకుని, కప్పు పొట్ట మీద పెట్టుకుంది.

"లెక్కల మేడం, బెల్లయ్యింది."

"నాకు లేవస్తలేదు సార్," అంది ఆమె, మామూలుగా. "పిల్లల్ని ఈడికే పంపున్రి."

లేవలేకపోయిందో లేవదలచుకోలేదో అప్పుడు నాకు తెలియలేదు, ఇప్పటికీ అడగలేదు. పిల్లలు ఎవరూ పంపకుండానే వచ్చి జంపఖానా మీద ఆమె చుట్టూ కూర్చున్నారు. బోర్డు లేదు. ఆమె చెబుతూ పోయింది, వాళ్లు రాసుకుంటూ పోయారు. మధ్యమధ్య ఆ చేదు నీళ్లు ఒక గుక్క తాగేది. అంత నిశ్శబ్దంగా ఆ కాలేజీలో పాఠం జరగడం నేను చూడలేదు. నా క్లాసు గుమ్మంలోంచి చూస్తుంటే ఆ వరండాలో నిలబడి ఉన్నది చైర్మన్ సార్ ఒక్కరే. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒకసారి జేబులో, ఒకసారి నడుము మీద పెట్టుకున్నారు. ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకు బరువు మార్చుకున్నారు. పీరియడ్ అయ్యేదాకా అలాగే ఉన్నారు. నవ్వు ఆపుకోలేక నేను బోర్డు వైపు తిరిగాను.

ఆ నవ్వు ఎక్కువ రోజులు మిగల్లేదు. జంపఖానా ఉతకడానికని వెళ్లి మళ్లీ రాలేదు. అక్కను మాత్రం ఎవరూ ఏమీ అనలేదు, సిలబస్ అయ్యేదాకా. లెక్కల సిలబస్ పూర్తయిన మరునాడు, ఇక రానక్కర్లేదని గేటు దగ్గరే చెప్పి పంపించారు. మేమంతా లోపల నిలబడి పాఠాలు చెబుతున్నాం. ఒక్కరం కూడా బయటికి రాలేదు. ఫిజిక్స్ సార్ రాలేదు, నేనూ రాలేదు. ఇన్నేళ్ల తర్వాత దీన్ని నవ్విస్తూ చెప్పాలనుకుంటాను కానీ ఇక్కడికొచ్చేసరికి నోరు చేదవుతుంది, ఏ బెల్లం ముక్కా పనిచేయదు.

ఎండాకాలంలో అడ్మిషన్ల కోసం హన్మకొండ చౌరస్తాలో పెద్ద హోర్డింగ్ లేచింది. ‘ఒత్తిడి లేని చదువు, ప్రశాంతమైన అధ్యాపకులు’ అని రాసి, కింద మా ఫొటో. అందరికంటే ముందు, అందరికంటే పెద్దగా లెక్కల అక్క, మోకాళ్లు మడిచి, కప్పు ఎత్తి, నవ్వుతూ. ఆమె అప్పుడు ఉద్యోగం కోసం కాలేజీలు తిరుగుతూ ఆ చౌరస్తాలోనే ఆటో మారేది. ఒకనాడు అక్కడి నుంచే నాకు ఫోన్ చేసింది.

"చూసినవా పిల్లా," అంది, "ఈడ నన్ను లేపేటోడు లేడు."

నేను నవ్వాను. ఆమె కూడా నవ్వింది, కానీ ఆటో హారన్ల మధ్య ఆ నవ్వు ఎక్కడ ఆగిందో వినపడలేదు.

నోటిఫికేషన్ ఎట్టకేలకు పడింది. నాకు మొదటి పోస్టింగ్ ఏటూరునాగారంలో వచ్చింది, అక్కడ చేతులున్న చెక్క కుర్చీ ఇచ్చారు. దాని మీద నా బ్యాగు కూర్చునేది. ఇప్పుడు నాకూ కొవ్వు కరగాల్సిన వయసు వచ్చింది, డాక్టర్ గ్రీన్ టీ తాగితే మంచిదే అంది, తాగుతున్నాను. సరిగ్గా కాస్తే అంత చేదుగా ఏమీ ఉండదు, పచ్చిగడ్డి వాసనతో బాగానే ఉంటుంది. ఈ మాట చెబుదామనే మొన్న లెక్కల అక్క ఇంటికి వెళ్లాను. ఇంట్లోనే ట్యూషన్లు చెబుతోంది. దివాన్ మీద కాళ్లు చాపుకుని, దిండ్లు ఎత్తుగా పెట్టుకుని, మహారాణిలా ఉంది. ఒక కాలికి ఆపరేషన్ అయింది. నా గ్రీన్ టీ గురించి సగం విని, కోడలిని పిలిచి చిక్కటి పాలతో చాయ్ పెట్టించింది. నేను తలుపుకు ఆనుకుని కబుర్లు చెబుతూ చాయ్ ఊదుకుంటున్నాను. ఆమె నన్ను కాసేపు పైనుంచి కిందికి చూసింది.

"ఇది ఇల్లే పిల్లా," అంది. "కెమెరాల్లేవు. కూసో."

సిగ్గుపడి కూర్చున్నాను. ఆమె కొడుకు ఉద్యోగం గురించి, నా పిల్లల చదువుల గురించి చాలాసేపు మాట్లాడుకున్నాం. చాయ్ అయిపోయి గ్లాసు ఎక్కడ పెట్టాలా అని చూసేసరికి నేను మళ్లీ తలుపు పక్కన నిలబడి ఉన్నాను. ఎప్పుడు లేచానో నాకే తెలియదు.