నలభై కుర్చీల తనిఖీ

"అమ్మా, మీ రేడియో అసలు ఎవరైనా వింటున్నారా?"

తనిఖీకి వచ్చిన గ్రాంటు అధికారి ఈ మాట అడిగేసరికి గదిలో నలభై ప్లాస్టిక్ కుర్చీలున్నాయి. ముప్పై తొమ్మిది ఖాళీ. మిగిలిన ఒక్కదాంట్లో ఆవిడ భర్త కూర్చుని, వీలైనంత వెడల్పుగా కనబడడానికి తంటాలు పడుతున్నాడు.

ఆవిడని పేటలో అందరూ బస్టాండక్క అంటారు. ముప్పై ఏళ్లు బస్టాండులో మైకు ముందు కూర్చుని, ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెప్పి రిటైరైంది. ఇంట్లోనూ ప్రతి మాటా రెండేసి సార్లే. ముందు అంకె, తర్వాత విషయం: "పది. పది నిమిషాల్లో భోజనం." రిటైరైన నెలకే నోరు ఊరుకోలేదు. సైకిల్ షాపు పైనున్న గది అద్దెకు తీసుకుని, గోడలకు పాత పరుపులు కొట్టించి, పేట రేడియో పెట్టింది.

సామాజిక రేడియో అంటే గొంతు లేనివాళ్లకు గొంతు అని సెమినార్లలో చెబుతుంటారు. ఆ పేటలో గొంతు లేనివాళ్లు ఒక్కరూ లేరు. వాళ్లకు కావలసింది నీళ్ల ట్యాంకరు ఎప్పుడొస్తుందన్న కబురు. ట్యాంకరు డ్రైవరు బయల్దేరే ముందు బస్టాండక్కకు ఫోన్ చేస్తాడు, ఆవిడ మైకులో చెబుతుంది. పిల్లల పాటలు, కుట్టుపని సలహాలు, ఒక లెక్కల మాస్టారి గంటన్నర ప్రసంగం, ఇవన్నీ ఆ కబురు కోసం జనం ఓర్చుకునేవి.

ఇలాంటి రేడియోలకు ప్రభుత్వం సాయం చేస్తుంది. చేసే పద్ధతి ఏమిటంటే, ముందు మీరు కొనాలి, తర్వాత సగం ఖర్చు వాళ్లిస్తారు, అదీ రెండు విడతల్లో. మొదటి విడత బిల్లులు చూసి, రెండో విడత శ్రోతలను చూసి. మొదటిది వచ్చింది. రెండోది వస్తేగాని ట్రాన్స్‌మిటర్ బాకీ తీరదు. దాన్ని అప్పు మీద ఇచ్చిన ఎలక్ట్రికల్ షాపాయన, నెలాఖరు దాకా చూసి విప్పుకుపోతానని మొహం మీదే చెప్పేశాడు. అది పోతే రేడియో మూతబడ్డట్టే.

అందుకే వారం రోజులు మైకులో ఊదరగొట్టింది: "పదకొండు. గురువారం పదకొండు గంటలకు శ్రోతలందరూ స్టేషనుకు రావలెను." కుర్చీలు అద్దెకు తెచ్చింది. టైపిస్టుగా రిటైరైన భర్త హాజరు పట్టీ తయారుచేశాడు.

గురువారం పదిన్నరకు ట్యాంకరు డ్రైవరు ఫోన్ చేశాడు. పదకొండుకు వస్తున్నాడట.

లౌక్యం తెలిసినవాళ్లెవరైనా ఆ పూటకి నోరు మూసుకునేవారు. కానీ బండి వస్తోందని తెలిశాక చెప్పకుండా ఉండడం ఆవిడ ఎప్పుడూ నేర్చుకోలేదు. చెయ్యి దానంతటదే మీట నొక్కింది. "పదకొండు. పదకొండు గంటలకు ట్యాంకరు."

భర్త తల పట్టుకున్నాడు. "ఏం చేశావో తెలుసా?"

"ట్యాంకరు వస్తోందండీ."

"పదకొండుకే అధికారి కూడా వస్తున్నాడు!"

"ఆయన బిందెలు నింపడుగా."

పేట మొత్తం విన్నది. విన్నది కాబట్టే ఒక్కరూ స్టేషనుకు రాలేదు. అధికారి అడిగినప్పుడు ఆవిడ ఆ మాటే చెప్పింది. "వింటున్నారు సార్. అందుకే రాలేదు."

అధికారి కళ్లజోడు తుడుచుకున్నాడు. "రానివాళ్లను రాసే గడి ఈ ఫారంలో లేదమ్మా. పోనీ, మీవారిని కలుపుకుని ఒకటి వేస్తాను."

"ఆయన నా మాట ఎప్పుడు విన్నారు సార్!"

అధికారి సున్నా వేయడానికి పెన్ను మూత తీశాడు. అంతలో ఫోన్ మోగింది. ట్యాంకరు డ్రైవరే. సందు మొగలో ఎవరిదో తెల్లకారు అడ్డంగా ఉందట, ట్యాంకరు లోపలికి రావడం లేదట. ఆవిడ మైకు అందుకుంది. "నాలుగు ఒకటి ఏడు మూడు. నాలుగు ఒకటి ఏడు మూడు నంబరు గల తెల్లకారు ట్యాంకరుకు అడ్డంగా ఉన్నది. ఆ కారు గలవారు..."

"అయ్యో, అది నా కారండీ!" అన్నాడు అధికారి. మైకు ఇంకా తెరిచే ఉంది.

వరసలో నిలబడ్డవాళ్ల చేతుల్లో ఫోన్లున్నాయి, గుమ్మాల్లో రేడియోలున్నాయి. రెండు నిమిషాల్లో మెట్ల మీద బకెట్ల చప్పుడు.

"ఎవరయ్యా, నా కారండీ అన్న మహానుభావుడు?" అంది అందరికంటే ముందొచ్చిన ఇస్త్రీ షాపావిడ.

"కారుకు దాహమేసిందా నాయనా, తెచ్చి మా వరసలో నిలబెట్టావు?" అంది వెనకనుంచి ఒక ముసలావిడ.

"అమ్మా, నేను ప్రభుత్వం తరఫున..."

"అయితే మరీ మంచిది. తాళం ఇటివ్వు."

తాళం పట్టుకుని ఒకతను కిందికి పరిగెత్తాడు. మిగతావాళ్లు ఆయాసంతో కుర్చీల్లో కూలబడ్డారు. కుర్చీలు చాలలేదు. భర్త అదను చూసి హాజరు పట్టీ తిప్పాడు. సంతకం ఎందుకని ఎవరూ అడగలేదు, కారు మీద ఫిర్యాదనుకున్నారు. అధికారి తలలు లెక్కపెట్టి, ఒక ఫొటో తీసుకుని, శ్రోతల గడిలో యాభై మూడు అని వేశాడు. నిజాయితీపరుడు కావడంతో రిమార్కుల గడిలో ఇంకో ముక్క చేర్చాడు: "శ్రోతలు తీవ్రంగా స్పందించారు."

ఆ "తీవ్రంగా" దగ్గర ఫైలు ఆగింది. జరిగింది శ్రోతల సమావేశమా, నిరసన ప్రదర్శనా అని పై ఆఫీసు నుంచి ఉత్తరం. నిరసనైతే అనుమతి పత్రం నకలు జతచేయాలట. సమావేశమేనని భర్త టైపు చేసి పంపాడు. మరి ఫొటోలో బకెట్లెందుకున్నాయని రెండో ఉత్తరం.

నెలాఖరుకు షాపాయన స్క్రూడ్రైవరుతో దిగాడు. "నన్ను తప్పుపట్టకక్కా. నాకూ సంసారం ఉంది."

"తప్పేముంది తమ్ముడూ, విప్పుకో" అని ఆవిడ మైకు ముందు కూర్చుంది. "ఒకటి. ఒకటే ప్రకటన. ట్రాన్స్‌మిటర్‌ను ఎలక్ట్రికల్ షాపువారు తీసుకెళ్తున్నందున రేపటి నుంచి ట్యాంకరు సమాచారం ఉండదు."

రెండో స్క్రూ విప్పుతుండగా షాపాయన ఫోన్ మోగింది. ఆయన భార్య. చెవికి దూరంగా పట్టుకున్నా గదంతా వినబడింది: "రేపటి నుంచి నీళ్లు నువ్వు మోస్తావా?"

షాపాయన విప్పిన స్క్రూలు మళ్లీ బిగించాడు. "గ్రాంటు వచ్చాకే ఇవ్వులే అక్కా" అని మెట్లు దిగిపోయాడు.

ఇది జరిగి పద్నాలుగు నెలలు. భర్త ఈమధ్యే ఏడో జవాబు టైపు చేశాడు. రెండో విడత లక్షా ఎనభై వేలు ఇంకా రాలేదు. షాపాయనకు లక్షా అరవై వేలు ఇంకా ఇవ్వాలి.