ఏ రంగు, గుంటా?

నా చిన్నప్పుడు, డుంబ్రిగుడ దగ్గరి మా హాస్టల్లో ఒక పిల్లకు కొండగాలి సోకిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. తోటివాళ్ళు ఎప్పుడు కలిసినా అదే పాట. నేనొప్పుకోను. గాలీ లేదు, ధూళీ లేదు. ఆ పిల్ల నా పక్కనే చాప వేసుకునేది. దానికి ఒంట్లో నీళ్ళు లేవు, అంతే.

తాగితే ఒంటికి వెళ్ళాలి. తొంభైల్లో మాకు మరుగుదొడ్డి ఎక్కడిది? తుప్పల్లోకి పోవాలి. ఆ తుప్పల్లో ఎలుగుబంటి తిరుగుతోందని సంతలో విని వచ్చాం. అప్పటినుంచి ఆడపిల్లలమంతా పెదవులు తడుపుకుని గ్లాసు దించేసేవాళ్ళం. చలికాలం కాబట్టి దాహమూ పెద్దగా తెలిసేది కాదు. ఆటల పోటీలు దగ్గరపడ్డాయని డ్రిల్లు మాస్టారు మాత్రం రోజూ పొద్దున్నే మంచులో కొండవాలు మీదికి పరుగెత్తించేవారు.

మూడో రోజు నాకు ఒంటికి టీ డికాషన్ రంగులో వచ్చింది. చచ్చిపోతాననుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారని ఒక భయం, నిజమేనంటారని ఇంకో భయం.

ఆ పొద్దునే నా పక్క చాప పిల్ల పరుగులో కూలబడింది. మాట ముద్దగా వస్తోంది. ఏడుస్తోంది గాని కంట్లో చుక్క లేదు. ఎవరో మంత్రగాడిని పిలవమన్నారు. మాస్టారు జీపు కోసం రోడ్డుకు పరుగెత్తారు. ఇది పోతే తర్వాత నేనే అని నాకు లోపల తెలిసిపోయింది.

మా వంట అక్క పొయ్యి దగ్గర్నుంచి వచ్చి, పిల్ల నాలుక చూసింది. చేతి వెనక చర్మాన్ని రెండు వేళ్ళతో పైకి లాగి వదిలింది. అది మడతపడినట్టే నిలబడి, తీరిగ్గా దిగింది. అక్క మా వైపు తిరిగింది.

"పొద్దున ఒంటికెల్నప్పుడు ఏ రంగు, గుంటా?"

ఒకరి వెనక ఒకరం నక్కాం.

"సెప్పడానికి సిగ్గేటి? సచ్చిపోడానికి నేదా సిగ్గు? బేగి సెప్పండి."

"డికాషను రంగక్కా," అన్నాను, నేల చూస్తూ. నా వెనకనుంచి "నాకూ" అని ఒక గొంతు, తర్వాత ఇంకోటి.

"గాలి గాదు, గీలి గాదు. ఎండిపోనారు."

పలచటి గంజిలో ఉప్పు కలిపి చెంచాతో కొంచెం కొంచెంగా పట్టింది. మిగిలినవాళ్ళకు గ్లాసులతో ఇచ్చి, ఎదురుగా నిలబడి తాగించింది. మధ్యాహ్నం జీపు దొరికేలోపు ఆ పిల్ల రెండుసార్లు ఒంటికి వెళ్ళింది. రెండోసారి ఎండుగడ్డి రంగుకు తిరిగిందని అక్క తుప్పల్లోంచే కేకేసి చెప్పింది.

మర్నాటినుంచి మేం వెళ్ళేటప్పుడల్లా అక్క కర్ర పట్టుకుని, పళ్ళెం వాయిస్తూ కాపలా వచ్చేది. "మీరు తాగండి, ఎలుగు సంగతి నాను సూసుకుంతాను," అనేది.

ఇప్పుడు నా కూతురు ఆటనుంచి వస్తే దాహం వేసిందా అని అడగను, రంగు అడుగుతాను. దానికి తలవంపులట. ఉండనీ.

అక్కను అడగాల్సింది ఒకటి మిగిలిపోయింది. బడి గుమ్మం ఎక్కని మనిషికి ఇదంతా ఎలా తెలుసు? అంతకుముందు ఎవరి విషయంలో ఆలస్యమైతే నేర్చుకుంది?