ఎల్లిగడ్డ మయోనీస్‌తో నా వైద్యం

మొన్న ఆదివారం మా ఇంట్ల మటన్ వండిన్రు. అందరి కంచాలల్ల మటన్ పడ్డది, నా కంచంల సొరకాయ పడ్డది. ఎందుకో చెప్త, నవ్వకుండ వినుండ్రి.

బట్టను చూసుట్ల సూరత్‌ల నా అంతటోడు లేడు. ఖటోదరా మిల్లుల మగ్గం దిగిన తాన్ల ఆవగింజంత నూనె మచ్చ ఉన్నా, గేటుకాడ నిలబడే పట్టేటోన్ని. ఒక సేఠైతే నా కండ్లకు అగర్‌బత్తి ముట్టిచ్చిండు. అసొంటి నాకు డాక్టర్, "కాకా, ఒంట్లె కొవ్వు పెరిగింది. నూనె తగ్గియ్యి. మళ్ల పరీక్షల తగ్గితెనే మటన్" అన్నడు.

ఎల్లిగడ్డ కొవ్వును కరిగిస్తదని మా దోస్తు రాజన్న చెప్పిండు. ఇంటికొచ్చి ఫ్రిజ్ తీస్తె ఒక గిన్నె. తెల్లగ, మెత్తగ, వెన్న లెక్క.

"ఏందమ్మా ఇది?"

"ఎల్లిగడ్డ మయోనీస్ మామా. మీ కొడుకు సాండ్‌విచ్‌కు" అన్నది కోడలు సుజాత.

తెల్లగున్నదంటె పెరుగే అనుకున్న. పెరుగు సలువ, ఎల్లిగడ్డ మందు, ఇంకేం గావాలె? పొద్దున జొన్నరొట్టెకు, పగటీలి శెనగపిండి ఖమణ్‌కు, మాపటీలి ఉడకబెట్టిన ఆలుగడ్డకు. రాజన్నకు గూడ గంటెతోని పెట్టిన. "ఇసొంటి మందైతె రోజూ జబ్బు రావాలె" అన్నడు.

గిన్నె ఖాళీ అయింది. సుజాత మళ్ల చేస్తుంటె, మందు తయారీ నేర్చుకుందామని పక్కన నిలబడ్డ. మిక్సిల జరన్ని పాలు, నాలుగైదు ఎల్లిగడ్డ రెబ్బలు, ఉప్పు, నిమ్మరసం. తర్వాత నూనె సీసా వంచింది. వంచింది వంచినట్టే ఉన్నది.

"ఆగమ్మా, మూత ఊడిందా?"

"లేదు మామా, నూనె పడితెనే చిక్కగైతది. ఇండ్ల సగానికి పైన నూనెనే. అందుకే రొట్టెకు జరంత రాస్త, అంతే. మీరు దేనికి తింటున్నరు?"

"కొవ్వు కరిగేతందుకు."

సుజాత మిక్సి ఆపింది, నవ్వు ఆపలే. "ఆ నాలుగు రెబ్బలు ఈ నూనెనంత ఎట్ల కరిగిస్తయి మామా?"

ఆశ సావక పరీక్షకు పోయిన. కొవ్వు ఇంకింత ఎక్కింది. రాజన్నకు గూడ వాళ్లింట్ల సొరకాయే నడుస్తున్నది. వాళ్లింటామె నాతోని మాట్లాడుతలేదు.

ఆదివారం వడ్డిస్తుంటె సుజాత అడిగింది, "మామా, మటన్ మీద నూనె తేలుతున్నది, మీ కండ్లకు కనవడుతుందా?"

తాన్ల ఆవగింజంత మచ్చను పట్టిన ఈ కండ్లే, గిన్నెలకు గిన్నెలు నూనె కడుపులకు పోతుంటె, తెల్లగున్నదని పాస్ జేసి పంపినయి.