అవనిగడ్డ వీడియోలో నా మృదంగం

నాట్యం చూడటానికి వచ్చినవాళ్లు మృదంగం వాయించేవాణ్ని చూడరు. ఇన్నేళ్లుగా కూచిపూడి బృందాలకు వాయిస్తున్నాను. శాలువాలు కప్పేటప్పుడు ఏ ఊళ్లో ఎవరు నా పేరు మరిచిపోయారో ఇప్పటికీ వరసగా చెప్పగలను. పెదనలో ఒకాయన మైకులో నన్ను ‘డోలు ఆయన’ అన్నాడు. ఆయన పోయి చాలా కాలమైంది. నా కోపం మాత్రం ఇంకా పోలేదు.

అలాంటి నేను ఈ నాలుగు మాటలూ కృతజ్ఞతతో రాస్తున్నాను. కారణం అవనిగడ్డ వీడియో.

అక్కడ బందరు డాన్సు టీచరుగారి శిష్యురాళ్ల ప్రదర్శన జరిగింది. నట్టువాంగం ఆవిడే. అంటే కంచు తాళాలు పట్టుకుని జతులు చెప్తూ అందర్నీ నడిపించే పని. మృదంగం నేను. ఆ రాత్రి అంతా బాగానే జరిగిందనుకుని గుడివాడ వచ్చేశాను. వారం తిరక్కుండా ఆవిడ ఫోన్ చేశారు.

“మాస్టారూ, యూట్యూబులో మన వీడియో చూశారా?”

“ఇంకా లేదండీ.”

“చూడండి. మొదట్లో బానే ఉంది. పోనుపోను మీ చెయ్యి వెనకపడిపోయింది. చివర్లో తిల్లానా నాట్యం దగ్గరికొచ్చేసరికి పిల్ల అడుగు పడ్డాక మీ దెబ్బ వినపడుతోంది.”

“నా దెబ్బ వెనకపడితే మీ తాళం కూడా వెనకే ఉండాలి కదండీ?”

“మీరు తగ్గుతున్నారని నేనూ తగ్గాను. వయసు మీద పడుతోంది, ఎవరికైనా తప్పదు. పామర్రు ప్రోగ్రాంకి విజయవాడ మృదంగం ఆయనకి చెప్పాను. ఏమీ అనుకోకండి.”

ఏమీ అనుకోకండి అన్న ఆ మాటే అన్నిటికన్నా ఎక్కువగా గుచ్చుకుంది. మృదంగం వాయించేవాడికి కాలం, అంటే లయ, నిలవడం లేదన్న పేరు ఒక్కసారి వచ్చిందంటే, బందరులోనూ గుడివాడలోనూ మళ్లీ పిలిచేవాళ్లు ఉండరు. శాలువా కప్పకపోయినా ఫర్వాలేదు. ఆ పేరు మాత్రం భరించలేను.

వీడియో చూశాను. ఆవిడ చెప్పింది అబద్ధం కాదు. మొదటి పాటలో అడుగూ దెబ్బా కలిసే ఉన్నాయి. చివరికొచ్చేసరికి దెబ్బ ఆలస్యం. చెయ్యి నాది కాకపోతే నేనూ ఈ ముసలాయన పనైపోయిందనే అనేవాణ్ని. మళ్లీ చూశాను. మంగళం పాడేటప్పుడు కెమెరా ఒక్కసారి మా వైపు తిరిగింది. టీచరుగారి చేతుల్లో తాళాలు తగిలి విడిపోయాయి. శబ్దం ఆ తర్వాత వచ్చింది. ఎంత ముసలివాడు వాయించినా దెబ్బ తగిలాక ఆగి మోగదు కదా. ఆలస్యం నా చేతిది కాదు, వీడియోది.

వీడియో తీసినతనికి ఫోన్ చేశాను. “అందరికీ బానే వస్తుంది పెద్దాయనా, మీరు బ్లూటూత్ పెట్టుకుని వింటున్నారేమో” అన్నాడు. సౌండు వేరే రికార్డర్లో తీసి తర్వాత కలిపాడట. మళ్లీ చెయ్యమంటే పెళ్లిళ్ల సీజను, కుదరదన్నాడు. ఆ ‘పెద్దాయన’ కూడా నా లెక్కలో ఉంది.

మా పై వాటాలో ఒక అమ్మాయి అద్దెకుంటుంది. ఊళ్లోనే ఒక కాలేజీలో కంప్యూటరు పాఠాలు చెప్తుంది. మెట్ల మీద ఎదురైతే నా గోడంతా వినిపించాను. ఆ సాయంత్రం లాప్‌టాప్ తెచ్చి మా డైనింగు టేబులు మీద పెట్టింది.

“కెమెరా గడియారమూ రికార్డరు గడియారమూ ఒకేలా నడవవు బాబాయిగారూ. వేరే వేరే గదుల్లో ఇద్దరు చేతులతో తాళం వేస్తున్నట్టు. కాసేపు కలిసే ఉంటారు.”

“తర్వాత ఎవరి దారి వాళ్లది.”

“అంతే.”

వీడియో దించుకుంది. దాన్ని సరిచెయ్యడానికి తెరిచిన తెర నల్లగా ఉంది. బొమ్మలూ లేవు, బటన్లూ లేవు. ఏం కావాలో అక్షరాలతో రాయాలి, అది చేస్తుంది. దాని పేరు ఎఫ్ఎఫ్ఎంపెగ్ అట.

“సౌండు కాస్త తొందరగా నడిపించాలి” అంది.

“తొందర పెడితే శ్రుతి పెరుగుతుందమ్మా. గాయని గొంతు సన్నబడిపోతుంది.”

“పెరగదు. శ్రుతి కదలకుండా కాలం మాత్రమే మార్చేది ఒకటుంది.”

నమ్మలేదు. మొదటిసారి లెక్క తిరగబడి సౌండు ఇంకా వెనక్కి పోయింది. విని, “ఇప్పుడు నిజంగానే ముసలివాణ్నయ్యాను” అన్నాను. ఆ పిల్ల నవ్వు ఆపుకోలేకపోయింది. తర్వాత వీడియోలో బొమ్మ ఒక్కొక్కటే కదుపుతూ తాళాలు తగిలే చోట ఆపి, శబ్దం ఎక్కడ పడుతోందో చూపించి, ఆ తేడాను బట్టి మళ్లీ రాసింది. ఈసారి మంగళం దగ్గర తాళం తగిలిన చోటే మోగింది. తంబూరా పెట్టి చూశాను. శ్రుతి ఎక్కడిదక్కడే ఉంది.

“ఎవరిదమ్మా ఇది?”

“ఎవరిదీ కాదు. ఎవరెవరో కలిసి రాశారు, ఎవరైనా వాడుకోవచ్చు. ఎలా రాశారో కూడా దాచుకోలేదు, చదువుకోవచ్చు.”

మా గురువుగారు పాట ముగింపులో వాయించే కొన్ని ముక్తాయింపులు సొంత కొడుక్కి తప్ప ఎవరికీ చెప్పలేదు. తలుపు అవతల నిలబడి విన్నవాణ్ని. ఎక్కడో ముక్కూ మొహం తెలియనివాళ్లు తమ విద్యనంతా ఇలా బయటపెట్టి వెళ్లిపోయారు. దండం పెట్టుకోవడానికి ఒక మొహమైనా తెలిస్తే బాగుండుననిపించింది.

టీచరుగారింట్లో సిగ్నలు అంతంత మాత్రం. అది చెప్తే ఆ అమ్మాయి ఫైలు సైజు తగ్గించి, చిన్న చిన్న ముక్కలు చేసి, చూస్తుంటే ఒక్కో ముక్కే వచ్చేలా తన సర్వరులో పెట్టి లింకు ఇచ్చింది. అది ఫోనులో వాట్సాప్ చేస్తే సరిపోయేది. నేను మృదంగం కూడా పట్టుకుని బందరు బస్సెక్కాను. ఆవిడ మొహం చూడాలి.

క్లాసు జరుగుతోంది. ముందు పాత వీడియోలో ఆవిడ తాళాలు చూపించాను, తర్వాత కొత్తది. ఆవిడ రెండూ మళ్లీ మళ్లీ చూశారు.

“అయ్యో, ఈ వీడియో పెట్టుకునే కదండీ, మృదంగం వెనకపడినా సరే, అది వినపడ్డాకే అడుగెయ్యండని వీళ్లని చంపుతున్నాను.”

“కాళ్లు పడిపోతున్నాయి మేడం” అంది వెనక నుంచి ఒక పిల్ల.

ఆవిడ పిల్లల వైపు తిరిగారు. “వినండి. మాస్టారి చెయ్యి ఎక్కడా తప్పలేదు. తప్పు వీడియోది, చూసిన నాది.” తర్వాత నాతో, “పామర్రుకి మీరే రండి. విజయవాడ ఆయనకి వద్దని చెప్పేస్తాను” అన్నారు.

ఆ మాట కోసమే వెళ్లాను. తీరా అన్నాక ఒప్పుకోబుద్ధి కాలేదు.

“వద్దండీ. పిలిచి వద్దంటే ఆ మనిషి జన్మలో మర్చిపోడు. ఈసారికి ఆయన్నే రానివ్వండి.”

“మరి మీరో?”

“ముందు వీళ్ల అడుగులు సరిచేద్దాం.”

చాప మీద కూర్చుని మృదంగం ఒళ్లోకి తీసుకున్నాను. పిల్లలు తిల్లానా మొదలుపెట్టారు. వారం రోజుల అలవాటుతో అడుగులన్నీ ఆగి ఆగి పడుతున్నాయి. టీచరుగారు ఆపేశారు.

“మాస్టారి చెయ్యి చూసుకుంటూ వెయ్యండర్రా” అన్నారు.

పిల్లలందరూ నా వైపు తిరిగారు. మళ్లీ మొదలుపెట్టాం.